రాలిపోయినవాళ్ల లెక్క: అమెరికా డాక్టరు చదువు, ‘పొంతన’ వాదం

డాక్టరు కావాలనుకునే పిల్ల డిగ్రీ ఏ విశ్వవిద్యాలయంలో చదవాలి? అమెరికాలో ఈ ప్రశ్న చుట్టూ పెద్ద సలహాల వ్యాపారమే నడుస్తోంది. మనదగ్గర ఇంటర్మీడియట్ బై.పి.సి. అయిపోగానే ప్రవేశపరీక్ష రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. అక్కడ అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చెయ్యాలి. చరిత్ర చదివినా సంగీతం చదివినా ఫర్వాలేదు గానీ బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్సు ప్రయోగశాలలతో సహా పూర్తిచెయ్యాలి. ఆ మీద ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలి. ఆస్పత్రుల్లో తిరిగిన అనుభవం చూపించాలి, అధ్యాపకుల సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకోవాలి. ఇవన్నీ మూటగట్టుకుని మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో ఏ డిగ్రీ కాలేజీ గడప తొక్కారన్నది అక్కడ డాక్టరు కావడాన్ని చాలావరకు తేల్చేస్తుంది.

ఎక్కడో అమెరికా పిల్లల చదువు సంగతి దళిత అధ్యయనాల పత్రికకెందుకు అని అడగొచ్చు. ఎందుకంటే ఈ ప్రశ్న మీదే అక్కడ ఒక సిద్ధాంతం కట్టారు. నల్లజాతి విద్యార్థుల్ని పెద్ద విశ్వవిద్యాలయాల్లో చేర్చుకోవడం వాళ్లకే నష్టమనీ, వాళ్ల స్థాయికి తగ్గ చిన్న కాలేజీలో చేరితే డాక్టర్లో శాస్త్రవేత్తలో అయ్యేవాళ్లనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. దాన్ని ‘మిస్‌మ్యాచ్’ అంటారు. తెలుగులో చెప్పాలంటే పొంతన కుదరకపోవడం. మనకీ మాట పెళ్లిళ్ల దగ్గర బాగా తెలుసు. జాతకాలు కలవలేదంటే కులం కలవలేదని అర్థం చేసుకోవడం మనకెవరూ నేర్పక్కర్లేదు. ‘సీటిచ్చి ఆ పిల్లల్ని ఇబ్బంది పెడుతున్నారు, వాళ్లు తట్టుకోలేరు’ అని మన మెడికల్ కాలేజీల స్టాఫురూముల్లో జాలిగా వినిపించే మాటకు అది అమెరికా రూపం. అందుకే దాని నిగ్గు తేల్చాల్సిన పని మనకీ ఉంది.

ఈ వాదాన్ని బలంగా చెప్పిన పుస్తకాలు రెండు. ఒకటి రిచర్డ్ శాండర్, స్టూవర్ట్ టేలర్ కలిసి రాసిన ‘మిస్‌మ్యాచ్’ (2012). దాని ప్రధానమైన పట్టు లా కాలేజీల లెక్కల మీద. రెండోది మాల్కం గ్లాడ్‌వెల్ రాసిన ‘డేవిడ్ అండ్ గొలయత్’ (2013). ఇది జనంలోకి బాగా పోయింది. ఇందులో చిన్నప్పట్నుంచీ సైన్సంటే ప్రాణమైన ఒక అమ్మాయి కథ ఉంది. మేరీలాండ్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటున్నా పేరున్న బ్రౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్తుంది. అక్కడ ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర చితికిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకుని తనకేమీ రాదనుకుని సైన్సే మానేస్తుంది. పెద్ద చెరువులో చిన్న చేపగా ఉండటం కంటే చిన్న చెరువులో పెద్ద చేపగా ఉండటం మేలని రచయిత తేలుస్తాడు. అక్కడితో ఆగితే గొడవ లేదు. ఆ నీతినే తీసుకెళ్లి నల్లజాతి విద్యార్థుల ప్రవేశాలకు కూడా అంటగడతాడు. అసలు పేచీ అక్కడ.

ఇందులో నిజం లేదని నేననను. మొదటి సంవత్సరం కెమిస్ట్రీ క్లాసులో వందలమంది కూర్చుంటారు. అధ్యాపకుడికి పేర్లు కూడా తెలియవు. క్లాసులో ఇంతమందికే మంచి గ్రేడు అని ముందే గీత గీసి, మిగిలినవాళ్లను కిందికి తోసే పద్ధతి చాలాచోట్ల ఉంది. కలుపు తీసే కోర్సులని వాటికి అక్కడి విద్యార్థులు పెట్టుకున్న పేరు. మెడికల్ కాలేజీల దరఖాస్తులో తప్పిన కోర్సును మళ్లీ చదివి పాసైనా పాత గ్రేడు చెరిగిపోదు, రెండూ కలిపే లెక్కేస్తారు. అంటే మొదటి ఏడు తడబాటు చివరిదాకా వెంట వస్తుంది. ఇంట్లో ఎవరూ కాలేజీ మొహం చూడని పిల్లలకు ఆ తడబాటు ఎక్కువ. ఎవర్ని అడగాలో తెలీదు, అడగొచ్చనీ తెలీదు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ని నేను. ఇంటర్‌లో మొదటి పరీక్షలో తప్పినప్పుడు లెక్చరర్ దగ్గరికి పోయి ‘సార్, నాకిది అర్థం కాలేదు’ అని చెప్పొచ్చని నాకు తట్టలేదు. నాకు రాదని మాత్రమే తోచింది. కాబట్టి బ్రౌన్‌లో కుంగిపోయిన ఆ అమ్మాయి బాధను నేను తేలిగ్గా తీసెయ్యలేను.

అయితే గ్లాడ్‌వెల్ తన వాదానికి సాక్ష్యంగా చూపించే లెక్కనే ఒకసారి తిరగేసి చూద్దాం. హార్ట్‌విక్ అనే చిన్న కాలేజీలోనూ, హార్వర్డ్‌లోనూ, చేరినప్పటి గణితం మార్కుల్నిబట్టి విద్యార్థుల్ని మూడు వంతులు చేస్తే, సైన్సు డిగ్రీల్లో సగానికి పైగా పై మూడో వంతుకే పోతున్నాయి. కింది మూడో వంతుకు దక్కేది రెండుచోట్లా బాగా తక్కువ. హార్వర్డ్‌లో అడుగున ఉన్నవాడి మార్కులు హార్ట్‌విక్‌లో పైన ఉన్నవాడి మార్కులకు తీసిపోవు. అయినా హార్వర్డ్ వాడు రాలిపోతున్నాడు. దీన్నిబట్టి విద్యార్థి తప్పుడు చెరువు ఎంచుకున్నాడని ఆయన అంటాడు. నాకు మరొకటి కనిపిస్తోంది. విద్యార్థికి ఎంత తెలుసు అన్నదానితో సంబంధం లేకుండా ప్రతిచోటా దాదాపు ఒకే వంతు రాలిపోతోందంటే, అక్కడ కొలుస్తున్నది జ్ఞానం కాదు, వరస. జల్లెడ కన్నాలు ముందే పెట్టి ఉన్నాయి. గింజ మంచిదా చెడ్డదా అని జల్లెడ అడగదు. చేపనూ చెరువునూ ఇంత తరచి చూసిన రచయిత జల్లెడ పట్టుకున్న చేతిని మాత్రం చూడలేదు. చెరువు మార్చుకోమని చేపకు సలహా చెప్పాడేగానీ, పాఠం చెప్పే తీరు మార్చమని విశ్వవిద్యాలయానికి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

‘తగిన చోటు’ అన్న మాటకు అమెరికా వైద్యవిద్యలో పాత చరిత్రే ఉంది. వైద్యంలో పట్టా పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ జేమ్స్ మెక్యూన్ స్మిత్. అమెరికా కాలేజీలు రానివ్వకపోతే సముద్రం దాటి స్కాట్లండులోని గ్లాస్గోకు పోయి 1837లో డాక్టరయ్యాడు. విశ్వవిద్యాలయాన్ని ‘ఎంపిక’ చేసుకోవడమంటే ఆయనకు అదీ. బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి వాళ్లకోసం మెడికల్ కాలేజీలు వచ్చాయి. 1910లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్యవిద్య మీద నివేదిక రాసే నాటికి అలాంటివి ఏడు ఉండేవి. ప్రమాణాల పేరుతో వచ్చిన ఆ నివేదిక తర్వాత కొన్నేళ్లలోనే ఐదు మూతపడ్డాయి. వాషింగ్టన్‌లో హోవార్డ్, నాష్‌విల్‌లో మెహారీ మాత్రం మిగిలాయి. నల్లజాతి డాక్టరు తన జనానికి శుభ్రత నేర్పితే చాలు, శస్త్రచికిత్సకు తగిన శిక్షణ అక్కర్లేదన్న ధోరణి ఆ నివేదికలో ఉంది. వాళ్ల రోగాలు తెల్లవాళ్లకు అంటుకుంటాయన్న భయం కూడా అందులో దాగలేదు. ఆ ఐదు కాలేజీలు బతికుంటే 35 వేలకు పైగా డాక్టర్లు తయారై ఉండేవాళ్లని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఇవాళ అమెరికా జనాభాలో నల్లజాతి వాళ్లు నూటికి పదమూడుమందికి పైనే. డాక్టర్లలో మాత్రం ఆరుగురికి మించరు. ప్రమాణం పేరు చెప్పి తలుపు మూసినవాళ్లు, వందేళ్ల తర్వాత మీకు తగిన తలుపు వేరే ఉందని చెబుతున్నారు. తగిన స్థలం అంటే ఏమిటో మనకు తెలుసు. ఊరికి దక్షిణాన పేట ఎందుకుందంటే కూడా తగిన స్థలమనే చెప్పారు.

పొంతనవాదులు గట్టి రుజువుగా చూపించేది లూసియానాలోని జేవియర్ విశ్వవిద్యాలయాన్ని. న్యూ ఓర్లియన్స్‌లో ఉంది. క్యాథరిన్ డ్రెక్సెల్ అనే సన్యాసిని స్థాపించిన సంస్థ. 1925లో కాలేజీ స్థాయికి వచ్చింది. మొత్తం విద్యార్థులు మూడు వేలు, అటూ ఇటూ. పెద్ద ఆస్తిపాస్తులున్న సంస్థ కాదు. 2005లో కత్రినా తుఫానుకు ఆవరణంతా నీళ్లలో మునిగితే 2006 జనవరికల్లా మళ్లీ క్లాసులు మొదలుపెట్టింది. 1990ల నుంచీ నల్లజాతి విద్యార్థుల్ని మెడికల్ కాలేజీలకు పంపడంలో హార్వర్డులూ మిషిగన్లూ దాని ముందు వెనకబడ్డాయి. ఇది అందరూ ఒప్పుకునే సంగతి.

2015 డిసెంబరులో టెక్సస్ విశ్వవిద్యాలయం ప్రవేశాల కేసు విచారణలో న్యాయమూర్తి స్కాలియా ఇలాంటి సంగతినే ఎత్తుకున్నాడు. నల్లజాతి శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి రారనీ, పాఠం వాళ్లకు మరీ వేగంగా సాగని తక్కువస్థాయి కాలేజీల నుంచి వస్తారనీ కొందరు అంటున్నారని చెప్పి, ఆ మాట సాయంతో ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని ప్రశ్నించాడు.

మరి జేవియర్‌లో పాఠం నెమ్మదిగా నడుస్తుందా? అక్కడా ఉన్నది అదే ఆర్గానిక్ కెమిస్ట్రీ. చివర్లో రాయాల్సింది అదే ఎంక్యాట్. ఈ పిల్లలు జేవియర్ నుంచి వచ్చారన్నది ఆ పరీక్ష మార్కుల్లో లెక్కలోకే రాదు. తేడా పాఠం వేగంలో లేదు, పాఠం చెప్పే పద్ధతిలో ఉంది. మొదటి ఏడు కోర్సులకు అధ్యాపకులు కలిసి కూర్చుని ఒకే పాఠ్యక్రమం, సొంత అభ్యాస పుస్తకాలు తయారుచేసుకున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పి వెళ్లిపోవడం కుదరదు. చేరబోయే పిల్లలకు వేసవిలోనే తర్ఫీదు ఉంటుంది. వారంవారం చిన్న పరీక్షలు, తప్పినవాడికి వెంటనే పిలుపు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెప్పే గదులు. ఏ నెలలో ఏ కాయితం పెట్టాలో వెంటపడి చెప్పే సలహా కార్యాలయం. కెమిస్ట్రీ అధ్యాపకుడు జె.డబ్ల్యు. కార్మైకేల్ ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నాడు. 1968 నుంచి 2015 దాకా అధ్యక్షుడుగా ఉన్న నార్మన్ ఫ్రాన్సిస్ దీన్ని విశ్వవిద్యాలయం పనిగా నిలబెట్టాడు. 2015లో నికోల్ హన్నా-జోన్స్ ‘న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్’లో రాసిన వ్యాసం చదివితే, అక్కడ పిల్లలు ఒకరినొకరు తోసుకుని పైకి పోవడం కాకుండా కలిసి పైకి లాక్కోవడం ఎలా అలవాటు చేశారో తెలుస్తుంది. దీన్ని పొంతన అంటే ఎలా? ఇది శ్రమ. అధ్యాపకులు చేసిన శ్రమ.

అయినా జేవియర్ చిన్న చెరువే కదా అని పొంతనవాది అనొచ్చు. అప్పుడు పెద్ద చెరువులోకే పోదాం. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థి, నల్లజాతి పిల్లలు మొదటి ఏడు కాల్‌క్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారని వెతికాడు. అధ్యాపకుల్ని అడిగితే నాలుగు కారణాలు చెప్పారు. వాళ్లకు పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. మన అధ్యాపకుల్ని అడిగినా ఈ నాలుగే చెప్తారు. ట్రైస్‌మన్ నల్లజాతి విద్యార్థుల్ని, చైనా సంతతి విద్యార్థుల్ని నెలల తరబడి వెంటే ఉండి గమనించాడు. ఆ నాలుగింటిలో ఏదీ నిలబడలేదు. కనిపించిందల్లా ఒకటే. చైనా సంతతి పిల్లలు రాత్రిళ్లు గుంపుగా కూర్చుని లెక్కలు సరిచూసుకునేవాళ్లు, ఏ మాస్టారు ఏం అడుగుతాడో చెప్పుకునేవాళ్లు. నల్లజాతి పిల్లలు ఒంటరిగా చదివేవాళ్లు. ఒంటరిగానే తప్పేవాళ్లు.

అతను మొదలుపెట్టిన కార్యశాలలో తేలిక లెక్కలివ్వలేదు. మామూలు క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైనవి ఇచ్చి కలిసి చెయ్యమన్నాడు. అందులో చేరిన నల్లజాతి పిల్లలు చేరనివాళ్ల కంటే ఎంతో మెరుగ్గా గట్టెక్కారు. అదే విశ్వవిద్యాలయం. అదే పరీక్ష. అదే పిల్లలు. మారింది పద్ధతి ఒక్కటే. పొంతన సిద్ధాంతానికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు. పిల్లలు ఆ చోటుకు తగనివాళ్లయితే చోటు మార్చకుండా ఫలితం మారకూడదు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖ కూడా ఇదే రుజువు చేసింది. అది నల్లజాతి వాళ్లకోసం పెట్టిన సంస్థ కాదు. 1988లో ఫ్రీమన్ హ్రబౌస్కీ అక్కడ మేయర్‌హాఫ్ విద్యార్థివేతన పథకం నడిపించడం మొదలుపెట్టాడు. వేసవి తర్ఫీదు, గుంపుగా చదువు, తొందరగా పరిశోధనశాలల్లోకి ప్రవేశం, పునాది కోర్సులో బొటాబొటీ గ్రేడొస్తే సిగ్గుపడకుండా మళ్లీ చదవమనే సలహా. డాక్టరు పట్టా, పరిశోధన పట్టా రెండూ కలిపి సాధించే నల్లజాతి విద్యార్థుల్ని తయారుచెయ్యడంలో ఆ విశ్వవిద్యాలయం దేశంలో ముందు వరసలోకి వచ్చింది.

కాబట్టి డాక్టరు కావాలనుకునే పిల్ల విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు ర్యాంకు పట్టిక కంటే, చెరువు సైజు కంటే, మొదటి పరీక్ష తప్పినవాడితో ఆ సంస్థ ఏం చేస్తుందన్నది ముందు చూడాలి. మా విద్యార్థుల్లో నూటికి ఎనభైమందికి, తొంభైమందికి మెడికల్ సీట్లొచ్చాయని కాలేజీలు చెప్పుకుంటాయి. దేనిలో తొంభై? దరఖాస్తు పెట్టినవాళ్లలో. మొదటి ఏడు డాక్టరవుతామని చేరినవాళ్లెందరు? అందులో దరఖాస్తు దాకా మిగిలిందెందరు? ఈ లెక్క కరపత్రాల్లో ఉండదు. కొన్ని కాలేజీల్లో అధ్యాపకుల కమిటీ ఇచ్చే సిఫార్సు ఉత్తరం కావాలి. గెలిచేలా కనిపించనివాళ్లకు ఆ ఉత్తరం ఇవ్వరు. వాళ్లు దరఖాస్తే పెట్టుకోరు. కాలేజీ శాతం చెక్కుచెదరదు. ఏడుగుర్ని ముంచి ముగ్గుర్ని ఒడ్డుకు చేర్చిన పడవవాడు, నా పడవలో ఒడ్డుకు చేరినవాళ్లెవరూ మునగలేదని చెప్పుకోవడం లాంటిదిది.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. మొదటి ఏడు కెమిస్ట్రీ ఎవరు చెబుతారు? గ్రేడులు గీత గీసి ఇస్తారా, వచ్చినదానికి ఇస్తారా? దగ్గర్లో ఆస్పత్రి ఉందా? మెడికల్ కాలేజీలు అడిగే ఆస్పత్రి అనుభవం చాలావరకు జీతం లేని పని. సాయంత్రం హోటల్లో పనిచేస్తేగానీ గడవని విద్యార్థి దాన్నెలా సంపాదించాలి? డిగ్రీ అయ్యేసరికి అప్పెంత మిగులుతుంది? ఆ మీద మెడికల్ కాలేజీ అప్పు వేరే. వృత్తివిద్య విద్యార్థులకు ఇచ్చే ప్రభుత్వ రుణాలకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్ల పరిమితి పెడుతూ 2025లో చట్టం చేశారు. డిగ్రీలో అప్పు లేకుండా బయటపడటం ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది. సలహా పుస్తకాలు ఈ ప్రశ్నల్ని వెనక పేజీల్లోకి నెడతాయి. ముందు పేజీలు ఎంపిక చేసుకునే స్తోమత ఉన్నవాళ్లవి.

మెడికల్ సీటు చుట్టూ న్యాయస్థానాల్లో జరిగిన పోరాటం రెండు దేశాల్నీ కలుపుతుంది. మన రిజర్వేషన్ల మీద మొదటి పెద్ద తీర్పు 1951లో చంపకం దొరైరాజన్ కేసులో వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ప్రతి 14 సీట్లలో హరిజనులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, ఇలా అందరికీ వాటాలిచ్చిన కమ్యూనల్ జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. మెడికల్ కాలేజీకి ఆమె దరఖాస్తే పెట్టుకోలేదు. ఆ తీర్పు తర్వాతే రాజ్యాంగానికి మొదటి సవరణ, 15(4) అధికరణం వచ్చాయి. అమెరికాలో 1978 నాటి బాకీ కేసు డేవిస్ మెడికల్ కాలేజీ గురించి. వంద సీట్లలో 16 ప్రత్యేకంగా ఉంచడం చెల్లదన్నారు. జాతిని ఒక అంశంగా చూడొచ్చని మాత్రం వదిలారు. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో ఆ మిగిలిన దారీ మూశారు. 2024లో మెడికల్ కాలేజీల మొదటి ఏడాదిలో చేరిన నల్లజాతి విద్యార్థుల సంఖ్య అంతకుముందటి ఏడాదికంటే 11 శాతానికి పైగా తగ్గింది. తలుపు మూస్తే పిల్లలు ‘తగిన చోటు’కు పోయి డాక్టర్లవుతారన్న వాదానికి ఈ అంకె ఏం జవాబు చెబుతోందో చూడండి.

జేవియర్‌ను ఆకాశానికెత్తడం కూడా నా ఉద్దేశం కాదు. వెలివేస్తే పుట్టిన సంస్థ అది. మూడు వేలమంది పిల్లలున్న ఒక్క కాలేజీ ఒక జాతి డాక్టర్ల లోటును మొయ్యాల్సి రావడం ఆ దేశానికి గర్వకారణం కాదు. దాని పేరు చెప్పి మిగతా విశ్వవిద్యాలయాలు చేతులు దులుపుకోవడం ఇంకా అన్యాయం. మనకూ ఈ హెచ్చరిక పనికొస్తుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మెడికల్ సీట్లు తెచ్చుకుంటుంటే సంతోషిస్తాం, సంతోషించాలి. గురుకులం గేటు దాటి మెడికల్ కాలేజీలో అడుగుపెట్టాక వాళ్లకు ఏం జరుగుతోంది? ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టళ్లలో వెలిని, అధ్యాపకుల నుంచి దొరకని తోడ్పాటును నోరు విప్పి చెప్పారు. 2019లో ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. ఆమె అప్పటికే డాక్టరు. చదువు తట్టుకోలేకపోయిందని ఎవరూ అనలేరు.

ప్రతి ఏడూ మన కార్పొరేట్ కాలేజీలు సీట్లొచ్చిన పిల్లల ఫొటోలు పేపర్ల నిండా వేస్తాయి. ఆ ఫొటోల పక్కన రాలిపోయినవాళ్ల లెక్క ఎవరూ వెయ్యరు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మొదటి ఏడు తప్పినవాళ్లెవరు, ఏ కులాలవాళ్లు, వాళ్లకు మళ్లీ పాఠం చెప్పిందెవరు అన్న లెక్క అడగాల్సిన పని విద్యార్థి సంఘాలది, మన పరిశోధకులది. ట్రైస్‌మన్ ఆ పని మొదలుపెట్టినప్పుడు అతనూ ఒక పరిశోధక విద్యార్థే. హాస్టల్ గదుల్లోకి వెళ్లి కూర్చున్నాడు. మన విశ్వవిద్యాలయాల్లో దళిత పరిశోధకులు ఇవాళ వందల్లో ఉన్నారు. హాస్టళ్లూ మనవే, అందులో పిల్లలూ మనవాళ్లే. మొదటి పరీక్ష తప్పిన రాత్రి ఆ గదిలో ఎవరూ లేకపోతే, ఆ తప్పులో మనకూ కొంత వాటా ఉంటుంది.